ముందు చైనుకు కవరు వేయండి

అమరాపురంలో ఏ మెకానిక్ షాపు ముందు కాసేపు నిలబడినా ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: ‘చైన్ సెట్ పోయిందన్నా’. ఇంజన్ నిక్షేపంగా ఉంటుంది, టైర్లలో ఇంకా గాడులు ఉంటాయి, చైన్ మాత్రం కటకటమని కొట్టుకుంటూ ఉంటుంది. విప్పి చూస్తే వెనక స్ప్రాకెట్ పళ్లు మొనదేలి ఒక పక్కకు వంగిపోయి ఉంటాయి. వెయ్యి రూపాయలు అటూ ఇటూ పెట్టి కొత్త సెట్ వేయించుకుంటారు. కొన్నాళ్లకు మళ్లీ అదే షాపు, అదే మాట. బండి కొన్నవాడు కంపెనీని తిడతాడు, కంపెనీవాళ్లు వాడినవాడిదే తప్పంటారు, మెకానిక్ ఇద్దరినీ లోలోపల తిట్టుకుంటాడు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది.

నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బస్సుల కింద షాఫ్టులతోనే నా సహవాసం. ఇంటికొచ్చాక పాత స్ప్లెండర్, దాని చైను. రెండింటి మంచీ చెడ్డా చేతులతో తెలుసు కాబట్టి, ఈ మధ్య మా పిల్లలు తరచూ అడిగే ఒక ప్రశ్నకు నాలుగు మాటలు రాయాలనిపించింది.

ప్రశ్న ఎక్కడిదంటే, సెలవు రోజుల్లో బెంగళూరు నుంచి పెద్ద పెద్ద బండ్లు లేపాక్షికి వస్తాయి. కొన్ని అక్కడితో ఆగవు. నొళంబ రాజుల గుడులు చూడాలని మా మండలంలోని హేమావతి దాకా వస్తాయి. వాటిలో కొన్ని 20 లక్షలు దాటిన బీఎండబ్ల్యూ జీఎస్ బండ్లు. గుడి బయట అవి ఆగితే మా కుర్రాళ్లు చుట్టూ మూగుతారు. మా మేనల్లుడు ఒకసారి వంగి చూసి వచ్చి అడిగాడు: ‘ఏం మామా, ఆ బండికి చైనే లేదు సూడు. మన బండ్లకు అట్ల ఎందుకు పెట్టరు? పెడితే ఈ పీడ పోతాది కదా.’ వాడు రోజూ వక్క మూటలు, మల్బరీ ఆకు వేసుకుని బండి తోలేవాడు. వాడి చైన్ ఎంత త్వరగా పోతుందో నాకు తెలుసు, అందుకే ఆ ప్రశ్నను నవ్వి వదిలేయలేదు.

చైన్ లేని ఆ ఏర్పాటు మనకేమీ కొత్త కాదు. బండి కింద తిరిగే షాఫ్ట్ మా ఊళ్లో ప్రతి జీపుకూ ఉంది, ప్రతి బస్సుకూ ఉంది. గేర్‌బాక్సు నుంచి వెనక హౌసింగ్ దాకా ఒక గొట్టం, దానికి రెండు కొసలా క్రాసులు, హౌసింగ్ లోపల క్రౌన్ పినియన్. తిరుగుడును 90 డిగ్రీలు మళ్లించి చక్రానికి అందించడం క్రౌన్ పినియన్ పని. రోడ్డు మీద చక్రం ఎగిరి పడుతున్నా తిరుగుడు తెగకుండా చూడటం క్రాసుల పని. షాఫ్ట్ మోటార్ సైకిల్లోనూ ఇంతే ఉంటుంది. అంతా వెనక చక్రాన్ని మోసే చేతిలోపల దాగి ఉంటుంది, బయటికి నున్నటి గొట్టమే కనపడుతుంది.

ఈ క్రాసులకు ఒక గుణం ఉంది. గ్యారేజీలో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మేము ముందు నేర్పేది అదే. వంపులో ఉన్న క్రాసు తిరిగేటప్పుడు ఒక కొస సమంగా తిరిగినా రెండో కొస సమంగా తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుంటుంది, రెండుసార్లు తగ్గుతుంది. రెండో క్రాసును సరైన వరుసలో బిగిస్తేనే మొదటిదాని హెచ్చుతగ్గులను అది సరిచేస్తుంది. అందుకే షాఫ్ట్ రెండు ముక్కల మీదా బాణం గుర్తులు కొట్టి ఉంటాయి. విప్పినవాడు ఆ గుర్తులు చూసుకోకుండా బిగించాడా, బస్సు వేగం అందుకోగానే నేలంతా అదురుతుంది. డ్రైవర్ లాగ్‌షీట్లో ‘బాడీ వైబ్రేషన్’ అని రాస్తాడు. తెలియనివాడు ఇంజన్ మౌంటింగులు, టైర్లు, స్ప్రింగులు అన్నీ చూసి అలసిపోతాడు. తెలిసినవాడు నేరుగా కిందికి దూరి బాణాలు చూస్తాడు.

మోటార్ సైకిల్‌కు షాఫ్ట్ పెట్టాలన్న ఆలోచన చాలా పాతది. బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీ 1905లోనే నాలుగు సిలిండర్ల బండికి షాఫ్ట్ పెట్టింది. 1923లో బీఎండబ్ల్యూ తన మొదటి మోటార్ సైకిల్ ఆర్32ను షాఫ్టుతోనే తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్ల షాఫ్ట్ బండ్లు ఇసుకను తట్టుకున్న తీరు చూసి, అమెరికా సైన్యం హార్లే డేవిడ్‌సన్ చేత అలాంటివే చేయించుకుంది. ఎక్స్ఏ అని పేరు పెట్టి 1942లో సుమారు వెయ్యి బండ్లు చేశారు. ఎడారి ఇసుకలో బయటికున్న చైన్ అరిగిపోతుంది, మూసి ఉన్న షాఫ్ట్ నిలుస్తుంది. మా మడకశిర తాలూకా ఎర్రదుమ్ముకూ ఈ లెక్కే వర్తిస్తుంది కదా అని మేనల్లుడి తరఫున నేనే వాదించుకోవచ్చు.

మరి 100 సీసీ బండికి ఎందుకు పెట్టరు? చిన్న ఇంజన్ షాఫ్టును మోయలేదని కొందరంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. బీఎండబ్ల్యూ ఆర్32 శక్తి 8.5 హార్స్‌పవర్ మాత్రమే, అంటే ఇంచుమించు మన స్ప్లెండర్ అంత. జపాన్‌లో యమహా వాళ్లు 80 సీసీ లోపు టౌన్‌మేట్ అనే చిన్న బండికి కూడా షాఫ్ట్ పెట్టి 1980లలో అమ్మారు. కాబట్టి కుదరక కాదు. తేడా ఇంజన్ కూర్చున్న తీరులో ఉంది. బీఎండబ్ల్యూలో క్రాంకుషాఫ్ట్ బండి పొడవునే ఉంటుంది. తిరుగుడు వెనక చక్రం దగ్గర ఒక్కసారి మళ్లితే చాలు. స్ప్లెండర్ లాంటి బండ్లలో క్రాంకు అడ్డంగా ఉంటుంది. షాఫ్ట్ పెట్టాలంటే గేర్‌బాక్సు దగ్గర ఒకసారి, చక్రం దగ్గర మరోసారి మళ్లించాలి. రెండు జతల బెవెల్ గేర్లు, వాటి బేరింగులు, వాటి ఆయిల్ సీళ్లు, వాటిని మోసే లోహం. బరువు పెరుగుతుంది, ధర పెరుగుతుంది. శుభ్రంగా ఉన్న చైన్ ఇంజన్ శక్తిలో నూటికి రెండు మూడు వంతులే మింగుతుంది, బెవెల్ గేర్లు అంతకంటే ఎక్కువే తీసుకుంటాయి. 100 హార్స్‌పవర్ దాటిన బండికి ఆ నష్టం తెలియదు. ఎనిమిదింటిలో కొంత పోతే గట్టు ఎక్కేటప్పుడు తెలుస్తుంది, పెట్రోల్ బంకులోనూ తెలుస్తుంది.

బీఎండబ్ల్యూ అంటేనే షాఫ్ట్ అనుకోనక్కర్లేదని కూడా కుర్రాళ్లకు చెబుతుంటాను. మనకు దగ్గర్లోని హోసూరులో టీవీఎస్ ఫ్యాక్టరీలో తయారైన బీఎండబ్ల్యూ జీ 310 బండ్లకు చైనే ఉంది. ఆ కంపెనీ రేసు బండ్లకూ చైనే. బరువు తక్కువ ఉండాలి, శక్తి వృథా కాకూడదు అనుకున్న చోట ప్రపంచంలో ఎవరైనా చైన్ వైపే పోతారు.

అసలు మాట నిర్వహణ గురించి. షాఫ్టుకు పనే ఉండదని, కొన్నాక మరచిపోవచ్చని షోరూములవాళ్లూ, బండి చూపించి మురిసే యజమానులూ చెబుతారు. ఇది నేను ఒప్పుకోను. 2004 నుంచి వచ్చిన ఆర్ 1200 జీఎస్ మొదటి మోడళ్లలో వెనక గేరు పెట్టెలోని ఆయిల్ బండి జీవితకాలం సరిపోతుందని, మార్చక్కర్లేదని బీఎండబ్ల్యూ చెప్పింది. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుని, ఆయిల్ మార్పును సర్వీసు పట్టికలో చేర్చింది. ఆ పెట్టెలో పట్టే ఆయిల్ పావు లీటరు కూడా ఉండదు. అంత తక్కువ ఆయిల్, అంత బరువు మోసే గేర్లను, బేరింగును ఏళ్ల తరబడి కాపాడుతుందని ఒక ఇంజనీరు ఎలా నమ్మాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గ్యారేజీలో బస్సు హౌసింగ్ ఆయిల్ గురించి మా ఫోర్‌మన్ దగ్గర అలా మాట్లాడి ఉంటే మమ్మల్ని బయటికి పంపేవాడు.

హేమావతికి వచ్చిన షాఫ్ట్ బండి ఒకదాని వెనక చక్రం రిమ్ము మీద సన్నగా తడి కనిపించింది నాకు. యజమాని పాపం, దుమ్ము అంటిందనుకుని గుడ్డతో తుడుస్తున్నాడు. వేలితో రుద్ది వాసన చూశాను, గేర్ ఆయిలే. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొంచెం ఆట ఉంది. లోపలి పెద్ద బేరింగ్ అరగడం మొదలైతే చక్రం అలా ఊగుతుంది, ఆ ఊపుకు సీలు నలిగి ఆయిల్ బయటికి వస్తుంది. ‘సార్, నిదానంగా బెంగళూరు చేరండి, చేరగానే చూపించండి’ అన్నాను. చివరిసారి ఆ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే, సెకండ్ హ్యాండులో కొన్నానని, షాఫ్టుకు ఏమీ అక్కర్లేదని అమ్మినాయన చెప్పాడని అన్నాడు.

షాఫ్ట్ బండి వాడేవాళ్లు, ముఖ్యంగా పాతది కొనేవాళ్లు చూడాల్సినవి ఎక్కువ లేవు. వెనక పెట్టె ఆయిల్ దింపినప్పుడు డ్రెయిన్ బోల్టు కొసనున్న అయస్కాంతాన్ని చూడాలి. మెత్తని బూడిద రంగు పొడి ఉంటే మామూలే. గుచ్చుకునే ముక్కలు ఉంటే బేరింగో గేరు పన్నో పోతోందని అర్థం. ఆయిల్ పాలు కలిపిన రంగులో ఉంటే నీళ్లు దూరాయి. షాఫ్ట్ కొసలను కప్పే రబ్బరు బూటు చిరిగితే అక్కడి నుంచే నీళ్లు దూరతాయి, క్రాసులోని నీడిల్ బేరింగులు తుప్పు పడతాయి. ఆ తుప్పు ఎవరికీ కనిపించదు, క్రాసు పట్టేసినప్పుడే తెలుస్తుంది. షాఫ్ట్ కొసన ఉండే స్ప్లైన్లకు గ్రీజు ఎండిపోతే పళ్లు అరిగి ఒకనాడు ఇంజన్ తిరుగుతుంది, చక్రం తిరగదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి కదా, వాటి ముందు చక్రాలకు పోయే షాఫ్టులకూ ఇవే రబ్బరు బూట్లు ఉంటాయి, ఏ కారుకైనా ఇదే జాగ్రత్త. బూటు కొంటే వందల్లో పోతుంది, చిరిగినదాన్ని వదిలేస్తే జాయింటుకు వేలు పోయాలి.

అమరాపురం లాంటి చోట ఇంకో చిక్కుంది. షాఫ్ట్ చెడితే ఇక్కడ చేసేవాడెవరు? క్రౌన్ పినియన్ బిగించడానికి పళ్ల మధ్య సందు లెక్క ప్రకారం ఉండాలి, దానికి షిమ్ములు వేసి, పళ్ల మీద రంగు పూసి, తిప్పి, అచ్చు పడిన తీరు చూడాలి. మా మెకానిక్కులకు జీపు హౌసింగు మీద ఆ విద్య ఉంది, తీసిపారేసేది కాదు. కానీ పెద్ద బండి సామాను బెంగళూరులో దొరకాలి, అదీ ఆర్డరిస్తే రావాలి. చైన్ తెగిందనుకోండి, సిరా రోడ్డు మీద ఏ పల్లెలో ఆగినా చైన్ లాకు దొరుకుతుంది. సుత్తి, ఒక మొద్దు, పావుగంట. పేదవాడి బండికి నమ్మకం అంటే అసలు చెడకపోవడం ఒక్కటే అని నేననుకోను. చెడితే తన ఊళ్లో, తన చేతిలో ఉన్న డబ్బుతో, ఆ రోజే బాగుపడటం కూడా నమ్మకమే. ఆ లెక్కన 100 సీసీ బండికి చైనే సరైనదని నా తీర్పు.

అయితే మేనల్లుడి బాధ అబద్ధం కాదు. వాడు షాఫ్ట్ అడిగాడు గాని, వాడికి నిజంగా కావలసింది షాఫ్టులో ఉన్న ఒకే ఒక్క గుణం: మూసి ఉండటం. దుమ్ము తగలని పెట్టె, అందులో ఆయిల్. ఆ గుణం చైనుకు ఇవ్వలేమా? ఇవ్వగలం, ఇచ్చారు కూడా. 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌కు బయట చైనే లేదు, ఇంజన్ వెనక చక్రం పక్కనే కూర్చుని గేర్లతో నేరుగా తిప్పేది. లాంబ్రెట్టా నమూనా స్కూటర్లలో చైన్ ఉండేది, కానీ ఇంజన్ పెట్టె లోపల ఆయిల్లో మునిగి తిరిగేది. అందులో చైన్ ఉందన్న సంగతి చాలామంది యజమానులకే తెలియదు. ఇక మైసూరులో తయారైన జావా, యెజ్దీ బండ్లు మా సరిహద్దు పల్లెల్లో ఎన్నో తిరిగాయి. ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడ్డాక కూడా చాలాకాలం వాటిని చూశాం. వాటి చైనుకు వెనక స్ప్రాకెట్ దగ్గర పెట్టె, పైనా కిందా ముడతలు ముడతలుగా రబ్బరు తొడుగులు ఉండేవి. దుమ్ము దూరే సందు లేదు. ఆ తొడుగులు బాగున్నన్నాళ్లు చైన్ గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు.

చైన్ ఎలా చస్తుందో తెలిస్తే కవరు విలువ తెలుస్తుంది. చైన్ సాగింది అంటాం గాని, ఇనుము సాగదు. ప్రతి లింకులో ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు. ఆ రెండింటి మధ్య అరుగుదల ఒక్కో లింకులో వెంట్రుకవాసి ఉంటుంది, వందకు పైగా లింకుల్లో కలిస్తే చైన్ పొడవు పెరుగుతుంది. స్ప్రాకెట్ పళ్ల మధ్య దూరం మాత్రం పెరగదు కదా. అప్పుడు చైన్ పన్ను అడుగున కూర్చోకుండా కొసకు ఎక్కుతుంది, పన్ను వంగుతుంది. అందుకే పాత స్ప్రాకెట్ల మీద కొత్త చైన్ వేస్తే అది కూడా తొందరగా పోతుంది. అరుగుదలకు మొదటి కారణం దుమ్ము. మా దారుల్లో ఎర్రమట్టి, క్రషర్ల దగ్గర రాతిపొడి. ఆయిల్ పూసిన చైన్ మీద రాతిపొడి పడితే తయారయ్యేది వాల్వు గ్రైండింగ్ పేస్టు లాంటి పదార్థం. వాల్వులు రుద్దడానికి మేము డబ్బాలో కొనేదాన్ని ఇక్కడ రోడ్డు ఉచితంగా పూస్తుంది.

దీనికి తోడు మనం చేసే పాపాలు ఉన్నాయి. ఇంజన్ నుంచి దింపిన నల్ల ఆయిల్‌ను చైన్ మీద పోస్తారు, అందులో ఇనుప పొడి ముందే ఉంటుంది. పండగకు వాటర్ సర్వీసు చేయిస్తారు, ఒత్తిడి నీళ్లు కవరు లోపలికి కొడతారు, బండి మెరుస్తుంది, చైన్ ఎండి తుప్పు పడుతుంది. వక్క మూటలు, పాల క్యాన్లు వేసే బండికి చైన్ బిగుతుగా ఉంటే మంచిదని బిగిస్తారు. ఇది అన్నిటికంటే చెడ్డది. బరువు పడి వెనక చక్రం పైకి లేచేకొద్దీ చైన్ ఇంకా బిగుస్తుంది, ఆ లాగుడు గేర్‌బాక్సు బేరింగు మీద పడుతుంది. వెయ్యి రూపాయల చైన్‌తో పోయేది ఇంజన్ విప్పే దాకా వస్తుంది.

అన్నిటికీ మించి కవరు. కొత్త బండికి నిండు కవరు వస్తుంది. మొదటిసారి చైన్ మార్చినప్పుడు ఒక బోల్టు పోతుంది, రెండోసారి ఇంకోటి. కవరు కదిలి చప్పుడు చేస్తుంది. ‘తీసేయన్నా, ఈ గోల పడలేను’ అంటాడు యజమాని. షాపు వెనక మూల ఆ కవర్లు కుప్పగా పడి ఉంటాయి, తర్వాత పాత సామాను వాడికి పోతాయి. రెండు బోల్టుల కోసం కవరును, కవరు లేక చైనును పోగొట్టుకుంటున్నాం. మెకానిక్కులను కూడా పూర్తిగా తప్పు పట్టను. కవరు విప్పి బిగించడానికి పట్టే సమయానికి ఎవరూ కూలి ఇవ్వరు.

కంపెనీల సంగతి వేరు. పల్లెల్లో ఎక్కువ అమ్ముడుపోయే 100 సీసీ బండ్లలో నిండు కవరు ఇంకా మిగిలి ఉంది, సంతోషం. కానీ 150 సీసీ దాటిన బండ్లలో అది చాలావరకు మాయమైంది. చైన్ కనపడితే రేసు బండిలా ఉంటుందని అమ్మేవాళ్లు అంటారు, కొనే కుర్రాళ్లూ అదే నమ్ముతారు. రేసు బండికి ప్రతి పరుగు తర్వాత చైన్ తుడిచే మెకానిక్కు ఉంటాడు. మల్బరీ ఆకు మోసే బండికి ఎవరున్నారు? ఓ-రింగ్ చైన్లు ఇచ్చాం కదా, అవి ఎక్కువ మన్నుతాయి అని కంపెనీలు జవాబు చెప్పవచ్చు. నిజమే, ఆ రింగులు పిన్నులోని గ్రీజును లోపలే పట్టి ఉంచుతాయి. అయితే రోలర్లకు, స్ప్రాకెట్ పళ్లకు వాటితో రక్షణ లేదు. పెట్రోలుతో కడిగినా, ఇనుప బ్రష్షుతో రుద్దినా ఆ రింగులూ పాడవుతాయి.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తే ఈ గొడవే ఉండదని కొందరి ఆశ. కొన్నింటికి మోటారు చక్రంలోనే ఉంది, కొన్నింటికి బెల్టు, కొన్నింటికి గేర్లు. ఓలా మూడో తరం స్కూటర్లలో మళ్లీ చైన్ వచ్చింది. చైన్ వాడకం అంత త్వరగా పోయేది కాదు, దాన్ని కాపాడుకునే పద్ధతే నేర్చుకోవాలి.

ప్రభుత్వం చేయగలిగిన పని ఒకటుంది. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక సీటు ఉన్న ప్రతి మోటార్ సైకిల్‌కు వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చిక్కుకోకుండా, వెనక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలి. మనం చీర గార్డు అనేది అదే. మంచి నిబంధన. అయితే చైన్‌లోనూ చీర కొంగు, చున్నీ చిక్కుకుంటాయి, పిల్లల కాళ్లూ పడతాయి. చక్రాన్ని కప్పమన్న చట్టం చైనును పట్టించుకోకపోవడం లోటే. మనుషుల రక్షణ కోసమైనా, బండి మన్నిక కోసమైనా, పల్లెల్లో రోజువారీ పనికి అమ్మే ప్రతి మోటార్ సైకిల్‌కూ, మోపెడ్‌కూ నిండు చైన్ కవరు తప్పనిసరి చేస్తూ ఆ నిబంధనకు ఒక మాట చేర్చమని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖను కోరుతున్నాను. ఆ కవరుకు కిందా వెనకా తెరిచి చూసే మూత ఉండాలి. ఇది అలంకారం కోసం అడగడం లేదు. షాఫ్టును మూసిపెట్టి మరచిపోయినవాళ్ల కష్టం పైన చెప్పాను, మూత లేని కవరు చైనుకూ అదే గతి పట్టిస్తుంది. మూసి ఉండాలి, కానీ చూడటానికి వీలుండాలి.

కంపెనీలకు ఇంకో విన్నపం. కవరు బోల్టులు ఊడిపోని రకం పెట్టండి, ఒక్క స్పానరుతో రెండు నిమిషాల్లో వచ్చేలా చేయండి. హోసూరులో టీవీఎస్ ఉంది, మన శ్రీసిటీ దగ్గర హీరో ఫ్యాక్టరీ ఉంది, వాటి ఇంజనీర్లకు ఇది పెద్ద పని కాదు. ఫ్రీ సర్వీసులో చైన్ తుడిచి, ఆయిల్ వేసి, సందు కొలిచి కార్డులో అంకె రాయమనండి. నేను చూసిన సర్వీసు సెంటర్లలో కార్డులో టిక్కు పడుతుంది గాని చైన్ మీద చెయ్యి పడదు.

బండి ఉన్నవాళ్లు ఈలోపల చేయాల్సింది ఇది. సెంటర్ స్టాండు వేసి, చక్రం చేత్తో తిప్పుతూ చైన్ ఎక్కడ అన్నిటికంటే బిగుతుగా ఉందో అక్కడ కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించండి. చాలా 100 సీసీ బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి, మీ బండి పుస్తకంలో అంకె చూసుకోండి. మూటలు మోసే బండికి ఆ రెండు అంకెల్లో పెద్దదానికి దగ్గరగా ఉంచండి. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక కొత్త గేర్ ఆయిల్ లోపలి వైపు చుక్కలుగా వేసి, మిగిలింది తుడిచేయండి. ఇంజన్ నడుస్తుండగా ఈ పని చేయకండి, వేళ్లు పోతాయి. వెనక స్ప్రాకెట్ చివర చైనును పట్టి వెనక్కి లాగితే సగం పన్ను బయటపడిందా, చైను, రెండు స్ప్రాకెట్లు మూడూ కలిపి మార్చండి. లాకు క్లిప్పు మూసిన కొస చైన్ పరుగెత్తే దిక్కుకే ఉండాలి. చివరగా, మెకానిక్ కవరు పక్కన పెడితే తీసి చేతికివ్వండి, పోయిన రెండు బోల్టులు కొని బిగించమనండి, ఆ పనికి విడిగా కూలి ఇవ్వండి.